క్రోమ్‌లో బాగానే ఉందండీ!

బెంగళూరు పాఠకుల సాంకేతిక సందేహాలు – జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే ఫిర్యాదు చుట్టూ తిరిగాయి. ఏదో సైటు తెరుచుకోదు, లేదా సగమే పనిచేస్తుంది. ఫోన్ చేసి అడిగితే అవతలి నుంచి వచ్చే మాట ఒక్కటే: ‘క్రోమ్‌లో బాగానే ఉందండీ!’ అందుకని మిగతా ప్రశ్నల్ని వచ్చే సంచికకి ఉంచి, బ్రౌజర్ల సంగతే పట్టుకున్నాం. పేరు వెయ్యొద్దన్నవాళ్ళే ఎక్కువ కాబట్టి అందరికీ పేట పేరే ఇస్తున్నాం.

ప్రశ్న: క్రోమ్ వద్దనుకుని మైక్రోసాఫ్ట్ వారి ఎడ్జ్‌కి మారాను. మా మనవడు నవ్వి, ‘తాతా, అదీ క్రోమే’ అంటున్నాడు. నిజమేనా? – విశ్రాంత ఉద్యోగి, సి.వి. రామన్ నగర్

జవాబు: ముప్పాతిక వంతు నిజం. బ్రౌజర్‌లో పైకి కనిపించే ట్యాబులు, బుక్‌మార్కులు, సెట్టింగులు ఒక ఎత్తు. వచ్చిన కోడ్‌ని చదివి తెర మీద పేజీగా గీసే ఇంజిన్ ఇంకో ఎత్తు. జనం చేతుల్లో ఉన్న ఇంజిన్లు ఇవాళ మూడే: గూగుల్ నడిపే బ్లింక్, ఆపిల్ నడిపే వెబ్‌కిట్, మొజిల్లా నడిపే గెకో. క్రోమ్, ఎడ్జ్, బ్రేవ్, ఒపెరా, వివాల్డి, శామ్‌సంగ్ ఇంటర్నెట్ అన్నీ గూగుల్ వారి క్రోమియం ప్రాజెక్టు మీద కట్టినవే, కాబట్టి వాటిలో ఉన్నది బ్లింక్. సఫారీకి వెబ్‌కిట్, ఫైర్‌ఫాక్స్‌కి గెకో.

చుట్టరికం కాస్త పాతదే. లినక్స్‌కి డెస్క్‌టాప్ తయారుచేసే కేడీఈ ప్రాజెక్టువాళ్ళు 1998లో కేహెచ్‌టీఎంఎల్ అనే ఇంజిన్ రాసుకున్నారు. ఆపిల్ దాన్ని తీసుకుని వెబ్‌కిట్‌గా మలిచి 2003లో సఫారీ తెచ్చింది. 2008లో క్రోమ్ వచ్చినప్పుడు గూగుల్ వాడుకున్నదీ ఆ వెబ్‌కిట్‌నే. 2013లో వేరుపడి బ్లింక్ అని పేరు పెట్టుకుంది. అదే ఏడు ఒపెరా తన సొంత ఇంజిన్ ప్రెస్టోని అటకెక్కించింది. 2018 డిసెంబరులో మైక్రోసాఫ్ట్ కూడా సొంత ఇంజిన్ మీద ఆశ వదులుకుని, 2020 జనవరిలో క్రోమియం మీద కొత్త ఎడ్జ్ విడుదల చేసింది.

మిగిలిన పావు వంతులో మీ పక్షాన చెప్పాల్సింది ఉంది. మీ బుక్‌మార్కులు, సింక్ ఖాతా, వాడకం లెక్కలు ఇప్పుడు గూగుల్‌కి బదులు మైక్రోసాఫ్ట్‌కి చేరతాయి. మీ బాధ గూగుల్ ఖాతా గురించైతే మీరు మారినట్టే. అందరం ఒకే ఇంజిన్ మీద కూర్చున్నామన్నదే బాధైతే మీరు కదలనట్టే. ఐఫోన్‌లో కథ వేరు. అక్కడ క్రోమ్ పెట్టుకున్నా ఫైర్‌ఫాక్స్ పెట్టుకున్నా మన దేశంలో లోపల నడిచేది ఆపిల్ వెబ్‌కిట్టే. ఐరోపా సమాఖ్యలో మాత్రం చట్టం ఒత్తిడి వల్ల 2024లో ఐఓఎస్ 17.4తో ఆ నిబంధన సడలించారు.

ప్రశ్న: చిన్న వెబ్ సంస్థ నడుపుతున్నాను. ఒక డయాగ్నొస్టిక్ సెంటర్‌కి బుకింగ్ సైటు చేశాం. వాళ్ళ లెక్కల్లో సందర్శకులు దాదాపు అందరూ క్రోమే. ఫైర్‌ఫాక్స్‌లో, సఫారీలో పరీక్షించడానికి గంటలు పెడితే క్లయింటు డబ్బివ్వనంటున్నాడు. అతనన్నది తప్పా? – మారతహళ్ళి

జవాబు: ఆ లెక్కే కాస్త అనుమానించాల్సినది. ఫైర్‌ఫాక్స్ వాడేవాళ్ళలో చాలామంది ట్రాకర్లని ఆపే యాడ్-ఆన్లు పెట్టుకుంటారు. ఫైర్‌ఫాక్స్ కూడా కొంత తనే ఆపుతుంది. వాళ్ళు వచ్చి వెళ్ళినా మీ అనలిటిక్స్‌లో పడరు. రెండోది, సైటు తెరుచుకోనివాడు రెండోసారి రాడు. అతను రాలేదు కాబట్టి అతని బ్రౌజర్ ఎవరూ వాడరని తేల్చేస్తాం. ఇక ఐఫోన్‌లో క్రోమ్ వాడేవాళ్ళని మీ నివేదిక క్రోమ్ కింద వేస్తుంది, కానీ వాళ్ళ తెర మీద పేజీ గీసేది వెబ్‌కిట్. కాబట్టి ‘అందరూ క్రోమే’ అన్నచోట కూడా రెండు ఇంజిన్లున్నాయి. క్లయింటుకి ఈ చివరి మాట ఒక్కటి చెప్పండి, చాలావరకు దారికొస్తాడు.

బుకింగ్ సైటుల్లో మామూలుగా తగిలే దెబ్బలు ఇవి. తేదీ: సర్వర్ నుంచి ‘2025-03-14 10:30’ అని మధ్యలో ఖాళీతో పంపితే క్రోమ్ సర్దుకుపోతుంది, పాత సఫారీ ‘చెల్లని తేదీ’ అంటుంది. ప్రమాణం చెప్పినట్టు ఖాళీ ఉన్నచోట ఇంగ్లిష్ టీ అక్షరం పెట్టి, చివర టైమ్ జోన్ +05:30 చేర్చండి. ఆ టైమ్ జోన్ లేకపోతే విదేశంలో ఉన్న కొడుకు ఇక్కడి తల్లికి బుక్ చేసిన ఉదయం 10 గంటల స్లాటు ఇంకో వేళకి మారిపోతుంది. నెల ఎంపిక: ఇన్‌పుట్‌కి ‘మంత్’ రకం ఇస్తే క్రోమ్‌లో చక్కటి క్యాలెండర్ వస్తుంది. కంప్యూటర్ మీది ఫైర్‌ఫాక్స్‌లో, సఫారీలో ఉత్త ఖాళీ పెట్టె వస్తుంది. నెలకొకటి, సంవత్సరానికొకటి రెండు డ్రాప్‌డౌన్లు పెడితే ఎక్కడా గొడవ లేదు. ఎత్తు: పేజీకి 100 వీహెచ్ (తెర మొత్తం ఎత్తు) ఇస్తే ఫోన్‌లో ‘కన్‌ఫర్మ్’ బటన్ అడ్రస్ బారు ఎత్తు మేర తెర కిందికి జారిపోతుంది. ఆ స్థానంలో డీవీహెచ్ (అడ్రస్ బారు పోగా అప్పటికి కనిపించే ఎత్తు) వాడండి. క్రోమ్ 108, ఫైర్‌ఫాక్స్ 101, సఫారీ 15.4 నుంచి ఉంది. అంతకంటే పాత ఫోన్ల కోసం దానికి పైన వీహెచ్ పంక్తి కూడా ఉంచండి, తెలియని పంక్తిని బ్రౌజరే వదిలేస్తుంది. నిల్వ: బ్రౌజర్‌లోనే సగం నింపిన ఫారం దాచిపెడదామనుకుంటే, వాడుకరి ఏడు రోజుల వాడకంలో ఆ సైటుని ముట్టుకోకపోతే, స్క్రిప్టు దాచిన సరుకంతా సఫారీ తుడిచేస్తుంది. ముఖ్యమైనది సర్వర్‌లో పెట్టండి.

వీటికంటే చెడ్డ అలవాటు ఇంకోటి ఉంది. బ్రౌజర్ పేరు చూసి ‘దయచేసి క్రోమ్ వాడండి’ అని గోడ కట్టడం. ప్రతి బ్రౌజర్ తన గురించి పంపే పంక్తి యూజర్ ఏజెంట్. దాంట్లో క్రోమ్ కూడా మొజిల్లా, ఆపిల్ వెబ్‌కిట్, సఫారీ పేర్లన్నీ మోసుకు తిరుగుతుంది. ఎందుకంటే ఒక్కో కాలంలో ఒక్కో సైటు ఆ పేరు కనిపిస్తే తప్ప లోపలికి రానిచ్చేది కాదు. 2022లో క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ 100వ వెర్షన్‌కి చేరినప్పుడు, రెండంకెలే చదివే సైటులకి వాటిని 10గా పొరబడే ప్రమాదం వచ్చింది. పేరు అడక్కండి, పని అడగండి: జావాస్క్రిప్టులో ఆ సదుపాయం ఉందో లేదో చూసి, పేజీ రూపాన్ని చెప్పే సీఎస్‌ఎస్‌లో ‘సపోర్ట్స్’ షరతు పెట్టి, లేనివాళ్ళకి సాదా దారి ఇవ్వండి.

పరీక్షకి గంటలేం పట్టవు. ప్లేరైట్ అనే ఉచిత పనిముట్టు ఒకే స్క్రిప్టుని క్రోమియం, ఫైర్‌ఫాక్స్, వెబ్‌కిట్ మూడింటి మీదా నడుపుతుంది. రాత్రి పూట ఆటోమేటిగ్గా నడిచేలా పెట్టి, బుకింగ్, చెల్లింపు, రిపోర్టు డౌన్‌లోడ్ ఈ మూడు దారులు మాత్రం రాసుకోండి. అయితే దాని వెబ్‌కిట్ అచ్చం ఐఫోన్ సఫారీ కాదు. కీబోర్డు పైకి లేచినప్పుడు పేజీ ఎలా కదులుతుందో అందులో తెలియదు. విడుదలకి ముందు ఆఫీసులో ఎవరిదో ఒక నిజమైన ఐఫోన్ అడిగి తీసుకోండి. కొత్త సదుపాయం వాడొచ్చా వద్దా అన్న సందేహానికి ‘బేస్‌లైన్’ గుర్తు చూడండి. ప్రధాన బ్రౌజర్లన్నిటిలోకీ వచ్చి 30 నెలలు గడిచినవాటికి ‘విస్తృతంగా లభ్యం’ అని ఉంటుంది. ఆస్పత్రి, లేబొరేటరీ సైటులకి ఆ గీత దాటకపోవడం మేలు. క్రోమ్‌లో ‘ఆరిజిన్ ట్రయల్’ కింద ఉన్నదాన్ని క్లయింటు సైటులో పెట్టడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. అది గడువున్న ప్రయోగం. గడువయ్యాక దాని అనుమతి టోకెన్ చెల్లదు, మీ సైటులో దాని మీద నడిచే భాగం ఆగిపోతుంది.

ప్రశ్న: మాది సి.ఏ. ఆఫీసు. పన్నుల పోర్టల్లో డిజిటల్ సంతకం పెట్టబోతే ‘సర్వర్‌తో కనెక్షన్ కుదరలేదు, యుటిలిటీని రీస్టార్ట్ చేయండి’ అంటుంది. రీస్టార్ట్ చేసినా అంతే. ఇంకో పాత సైటు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ కావాలంటుంది. అదెక్కడ తెచ్చేది? – జయనగర్

జవాబు: ముందు ఇది ఎందుకిలా తయారైందో రెండు ముక్కలు. యూఎస్‌బీ టోకెన్‌లోని సంతకపు తాళంచెవిని వెబ్ పేజీ నేరుగా తాకడానికి ఒప్పుకున్న ప్రమాణమేదీ లేదు. మొదట్లో, పేజీలోంచే చిన్న ప్రోగ్రాముల్ని నడిపే యాక్టివ్‌ఎక్స్‌తో, జావా యాప్లెట్‌తో పని గడిపారు. యాక్టివ్‌ఎక్స్ ఎక్స్‌ప్లోరర్‌కే సొంతం. యాప్లెట్లకి ఆధారమైన పాత ప్లగిన్ పద్ధతిని క్రోమ్ 2015 సెప్టెంబరులో 45వ వెర్షన్‌తో పూర్తిగా తీసేసింది. అప్పుడు పుట్టిన సర్దుబాటే ఇప్పటి యుటిలిటీలు. మీ కంప్యూటర్‌లోనే చిన్న సర్వర్ ఒకటి నడుస్తుంది, పోర్టల్ పేజీ 127.0.0.1 అనే సొంత చిరునామాకి ఫోన్ కొట్టి సంతకం అడుగుతుంది. ఆ మాట ఎక్కడ తెగినా మీకు కనిపించే సందేశం ఒకటే.

ఈ వరసలో చూడండి. టోకెన్ పెట్టి, దాని సొంత మేనేజర్ తెరిచి, సర్టిఫికెట్ కనిపిస్తోందా, గడువు ఉందా చూడండి. అక్కడే కనిపించకపోతే డ్రైవర్ సమస్య, బ్రౌజర్‌ది కాదు. పిన్ గుర్తులేక ఊహించి కొట్టకండి. కొన్నిసార్లు తప్పితే టోకెన్ లాక్ అవుతుంది. తరవాత యుటిలిటీ మీద రైట్ క్లిక్ చేసి ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’తో తెరవండి. ఇప్పుడు బ్రౌజర్‌లో కొత్త ట్యాబులో హెచ్‌టీటీపీఎస్‌తో 127.0.0.1:1585 అని కొట్టండి (చివరిది పోర్టు నంబరు, అంటే యుటిలిటీ తలుపు నంబరు; మీ యుటిలిటీ మాన్యువల్‌లో సరిచూసుకోండి, తరచూ కనిపించేది ఇదే). ఎర్ర హెచ్చరిక వస్తే ‘అడ్వాన్స్‌డ్’ నొక్కి ‘ప్రొసీడ్’ అనండి. యుటిలిటీ తన సర్టిఫికెట్ తనే రాసుకుంది కాబట్టి బ్రౌజర్ దాన్ని నమ్మదు, మీరు ఒకసారి హామీ ఇవ్వాలి. ఇది సొంత కంప్యూటర్ చిరునామాకి మాత్రమే చేసే పని. బయటి సైటుకి ఇలాంటి హెచ్చరిక వస్తే వెనక్కి వచ్చేయండి. తరవాత పోర్టల్ ట్యాబు రీలోడ్ చేయండి.

ఇప్పటికీ కాకపోతే రెండు అనుమానాలు. వేర్వేరు పోర్టళ్ళ యుటిలిటీలు రెండు ఒకే పోర్టు కోసం కొట్టుకుంటూ ఉండొచ్చు. టాస్క్ మేనేజర్‌లో రెండూ మూసి, కావలసినదొక్కటే తెరవండి. రెండోది, 2025 అక్టోబరులో వచ్చిన 142వ వెర్షన్ నుంచి, సైటు మీ కంప్యూటర్‌నో ఇంటి నెట్‌వర్క్‌నో తాకబోతే క్రోమ్ అనుమతి అడుగుతోంది. ఎవరో చూడకుండా ‘బ్లాక్’ నొక్కి ఉంటారు. అడ్రస్ బారులో సైటు పేరుకి ఎడమవైపున్న గుర్తు నొక్కి, సైట్ సెట్టింగుల్లో లోకల్ నెట్‌వర్క్ అనుమతిని ‘అలౌ’ చేయండి. ఫైర్‌ఫాక్స్‌లో అయితే సెట్టింగులు, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సర్టిఫికెట్ల దగ్గర, మీరు ఇన్‌స్టాల్ చేసిన మూడో పక్షం రూట్ (మూల) సర్టిఫికెట్లని నమ్మే గడి టిక్ చేసి ఉందో చూడండి.

ఎక్స్‌ప్లోరర్‌ని మైక్రోసాఫ్ట్ 2022 జూన్ 15న సాగనంపింది. దాని ఆత్మ ఎడ్జ్‌లో ఉంది. ఎడ్జ్ సెట్టింగుల్లో ‘డిఫాల్ట్ బ్రౌజర్’ పేజీకి వెళ్ళి, సైటుల్ని ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ మోడ్‌లో రీలోడ్ చేయనివ్వడాన్ని ‘అలౌ’ చేసి, ఎడ్జ్ మూసి తెరవండి. సైటు తెరిచాక మూడు చుక్కల మెనూలో ‘రీలోడ్ ఇన్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ మోడ్’ కనిపిస్తుంది. జాబితాలో చేర్చిన పేజీ 30 రోజులకి దానంతటదే పోతుంది, మళ్ళీ చేర్చుకోవాలి. ఈ మోడ్‌ని కనీసం 2029 దాకా ఉంచుతామని మైక్రోసాఫ్ట్ మాట. ఒకే బ్రౌజర్‌ని నమ్ముకుని సైటు కట్టినందుకు ఇరవై ఏళ్ళ తరవాత కూడా చెల్లిస్తున్న వడ్డీ ఇది. 2003 ప్రాంతంలో ఎక్స్‌ప్లోరర్ వాటా 90 శాతం పైమాటే మరి. అప్పుడు కూడా ‘అందరూ అదే వాడతారు’ అన్నారు.

ప్రశ్న: క్రోమియం ఓపెన్ సోర్సు, కోడ్ అందరికీ తెరిచే ఉంది. నచ్చకపోతే ఎవరైనా ఫోర్క్ చేసుకోవచ్చు (నకలు తీసుకుని సొంతంగా నడుపుకోవచ్చు). మరి గుత్తాధిపత్యం ఎక్కడుంది? పాత ఎక్స్‌ప్లోరర్‌తో పోల్చడం అన్యాయం కాదా? – సాఫ్ట్‌వేర్ ఇంజనీర్, వైట్‌ఫీల్డ్

జవాబు: పోలిక పూర్తిగా సరికాదు, ఒప్పుకుంటాం. ఎక్స్‌ప్లోరర్ 6 వచ్చిన 2001 నుంచి ఐదేళ్ళు మైక్రోసాఫ్ట్ చేతులు ముడుచుకుంది. గూగుల్ అలా కాదు, ఆగకుండా పనిచేస్తుంది. అసలు ఇబ్బంది ఆ ఆగకపోవడంలోనే ఉంది.

కోడ్ తెరిచి ఉండటం వేరు, నిర్ణయం తెరిచి ఉండటం వేరు. బ్లింక్‌లో కొత్త సదుపాయం పెట్టాలంటే ‘ఇంటెంట్ టు షిప్’ అని బహిరంగంగా ఉత్తరం రాయాలి, ఏపీఐ ఓనర్లు అనేవాళ్ళలో ముగ్గురు సరేననాలి. మొజిల్లా, వెబ్‌కిట్ వాళ్ళ అభిప్రాయం అడిగి అందులో రాయాలి. అడగాలి, అంతే, వాళ్ళు కాదన్నా ఆగాలని లేదు. సైటు మీ పరికరాల్ని తాకడానికి వీలిచ్చే వెబ్ బ్లూటూత్, వెబ్ యూఎస్‌బీల మీద మొజిల్లా హానికరమని రాసింది, ఆపిల్ చేయనంది. అవి క్రోమ్‌లో ఏళ్ళ తరబడి ఉన్నాయి. వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీలో అవి ప్రమాణం కాలేదు, కమ్యూనిటీ గ్రూపు ముసాయిదాలుగానే ఉండిపోయాయి. కానీ వాటి మీద సైటులు వచ్చేశాక, ‘ఫైర్‌ఫాక్స్‌లో పనిచేయదు’ అన్న నింద ఫైర్‌ఫాక్స్ మీదే పడుతుంది.

ప్రమాణం అంటే రాతలో ఉన్నదాన్ని ఒకరితో ఒకరికి సంబంధం లేని కనీసం రెండు బృందాలు విడివిడిగా తయారుచేసి, రెండూ ఒకేలా నడవాలని పాత సంప్రదాయం. రాతలో తప్పుంటే అప్పుడే బయటపడుతుంది. పేజీలు రాసే భాష హెచ్‌టీఎంఎల్ ప్రమాణాన్ని, డబ్ల్యూ3సీతో 2019లో కుదిరిన ఒప్పందం నుంచి, బ్రౌజర్ తయారీదార్ల బృందం వాట్‌డబ్ల్యూజీ చూస్తోంది. దాని పెద్దలు ఆపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్, మొజిల్లా. నాలుగు కుర్చీలున్నా ఇంజిన్లు మూడే. గెకో కూడా పోతే, మూడో పక్షం లేని పంచాయతీ అవుతుంది.

ఫోర్క్ మాట. కోట్ల పంక్తుల కోడ్. 2021లో గూగుల్ కొత్త వెర్షన్ల వ్యవధిని ఆరు వారాల నుంచి నాలుగుకి తగ్గించింది. మీరు మార్చుకున్న ప్రతి ముక్కనీ ప్రతి వెర్షన్‌లో మళ్ళీ అతికించాలి. పది మార్పులైతే ఫరవాలేదు. కింద నుంచి ఒక పునాది రాయే తీసేస్తే? ఎక్స్‌టెన్షన్ల (యాడ్-ఆన్ల) పాత పద్ధతి విషయంలో అదే జరిగింది, కింద ఇంకో ప్రశ్నలో వస్తుంది. భద్రతా సవరణ ఒక వారం ఆలస్యమైతే మీ వాడుకరులు బహిరంగమైన రంధ్రంతో తిరుగుతారు. అందుకే ఫోర్కులన్నీ పై అంతస్తులోనే మార్పులు చేస్తాయి.

అవతలి పక్షం కూడా చెప్పాలి. గూగుల్ తన సర్వర్లకీ క్రోమ్‌కీ మధ్య సొంతంగా నడిపిన క్విక్ అనే ప్రోటోకాల్‌ని ఇంటర్నెట్ ప్రమాణాల సంస్థ ఐఈటీఎఫ్‌కి తీసుకెళ్ళింది. అక్కడ అది బాగా మారింది. సొంత గుప్తీకరణ పోయి అందరూ వాడే టీఎల్‌ఎస్ 1.3 గుప్తీకరణ వచ్చింది. 2021లో ఆర్‌ఎఫ్‌సీ 9000 అనే ప్రమాణ పత్రంగా వెలువడింది. ఇలా జరిగినప్పుడు పెద్ద కంపెనీ బలం అందరికీ పనికొచ్చింది. దానికి ఎదురు ఉదాహరణ 2023 నాటి వెబ్ ఎన్విరాన్‌మెంట్ ఇంటెగ్రిటీ: మీ పరికరం, బ్రౌజర్ ‘అసలైనవే’ అని మూడో పక్షం ధ్రువీకరిస్తే తప్ప సైటు నమ్మకుండా ఉండే వీలు. మొజిల్లా, బ్రేవ్, వివాల్డి గట్టిగా వ్యతిరేకించాయి. ఆ నవంబరులో గూగుల్ విరమించుకుంది. అరుపులు పనిచేశాయి. ప్రతిసారీ అరవాల్సి రావడమే మా అభ్యంతరం.

ప్రశ్న: మొదటినుంచి రాసే కొత్త ఇంజిన్లేవీ లేవా? – విద్యార్థి, యలహంక

జవాబు: చెప్పుకోదగ్గవి రెండున్నాయి. సర్వో 2012లో మొజిల్లాలో రస్ట్ భాషతో మొదలైంది; 2020లో ఆ బృందాన్ని తీసేశాక లినక్స్ ఫౌండేషన్ నీడకి చేరింది, 2023 నుంచి ఇగాలియా సంస్థవాళ్ళు ముందుకి లాగుతున్నారు. లేడీబర్డ్‌కి 2024లో లాభాపేక్ష లేని సంస్థ ఏర్పడింది. రెండింటి కోడ్‌నీ దించుకుని ఆడుకోవచ్చు. బ్యాంకు పనికి మాత్రం వాడకండి. సి++ లేదా రస్ట్ వచ్చినవారికి వెబ్ ప్లాట్‌ఫామ్ టెస్ట్స్ అనే ఉమ్మడి బ్రౌజర్ పరీక్షల్లో తప్పుతున్నది ఒకటి ఎంచుకుని సరిచేయడం కంటే మంచి పాఠం లేదు.

ప్రశ్న: చెన్నైవాళ్ళ ఉలా వాడితే స్వదేశీ బ్రౌజర్ వాడినట్టేనా? మన బెంగళూరు నుంచి ఏదీ రాలేదా? – ఉపాధ్యాయిని, కె.ఆర్. పురం

జవాబు: వచ్చింది, అదీ ముందే. 2010లో ఇక్కడి హిడెన్ రిఫ్లెక్స్ సంస్థ ఎపిక్ తెచ్చింది. అప్పట్లో అది ఫైర్‌ఫాక్స్ కోడ్ మీద కట్టింది, భారతీయ భాషల్లో టైపింగ్ కూడా ఉండేది. 2013లో గోప్యత మీద దృష్టి పెట్టి క్రోమియంకి మారింది. జోహో వారి ఉలా 2023లో వచ్చింది, అదీ క్రోమియమే. కేంద్ర ఐటీ శాఖ పెట్టిన దేశీయ బ్రౌజర్ పోటీలో 2025లో మొదటి బహుమతి, కోటి రూపాయలు, దానికే దక్కింది.

మీ సమాచారం ఎవరి సర్వర్‌కి వెళుతుంది, ఎవరి చట్టం కిందికి వస్తుంది అన్నంతవరకు స్వదేశీ అనడం న్యాయమే. ఇంజిన్ విషయంలో కాదు. ఆ పోటీలో ఒక షరతు ఆసక్తికరమైనది: సైటు అసలైనదేనని చెప్పే సర్టిఫికెట్లకి మన దేశంలో నియంత్రణాధికారి సీసీఏ ఇండియా; దాని రూట్‌ని, అంటే మూల సర్టిఫికెట్‌ని, బ్రౌజర్ నమ్మాలి. ఏ సర్టిఫికెట్ నమ్మాలో తేల్చేది బ్రౌజర్ తయారీదార్ల జాబితాలే కాబట్టి ఈ షరతు పుట్టింది. 2014 జులైలో ఆ వ్యవస్థ కింద ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్‌ఐసీ నుంచి గూగుల్ చిరునామాలకి అనధికార సర్టిఫికెట్లు వెలువడ్డాయి. దాంతో క్రోమ్ ఆ రూట్‌ని కొన్ని భారతీయ చిరునామాలకే పరిమితం చేసింది. ఆ రోజు గూగుల్ చేసింది సబబే. ఒక దేశపు సర్టిఫికెట్లు చెల్లుతాయా లేదా అన్నది ఒక్క కంపెనీ కలంపోటుతో తేలడం సబబా అన్నది వేరే ప్రశ్న.

ప్రశ్న: అమెరికా కోర్టు గూగుల్‌ని గుత్తాధిపతి అంది కదా, మరి క్రోమ్‌ని ఎందుకు అమ్మించలేదు? మన దేశంలో ఏమీ జరగలేదా? – న్యాయవాది, మల్లేశ్వరం

జవాబు: 2024 ఆగస్టు 5న న్యాయమూర్తి అమిత్ మెహతా ఇచ్చిన తీర్పు సెర్చ్ గుత్తాధిపత్యం మీద, బ్రౌజర్ అందులో దారి మాత్రమే. బ్రౌజర్లలో, ఫోన్లలో డిఫాల్ట్ సెర్చ్‌గా ఉండటానికి గూగుల్ 2021లో ఒక్క ఏడాదిలో 2,630 కోట్ల డాలర్లు ఇచ్చిందని విచారణలో తేలింది. క్రోమ్‌ని అమ్మించాలని ప్రభుత్వం అడిగింది. 2025 సెప్టెంబరు 2న కోర్టు దానికి ఒప్పుకోలేదు. పోటీదార్లకి చోటివ్వని ఒప్పందాలు కూడదంది, కొంత సెర్చ్ సమాచారం పోటీదార్లకి ఇవ్వమంది, చెల్లింపుల్ని మాత్రం పూర్తిగా ఆపలేదు. ఆపితే ముందు కూలేది ఫైర్‌ఫాక్స్ అన్న భయం ఒకటి ఉంది. మొజిల్లా ఆదాయంలో అధిక భాగం గూగుల్ ఇచ్చేదే. పోటీదారు ఊపిరి ప్రత్యర్థి జేబులో ఉండటం ఈ రంగంలో అన్నిటికంటే విడ్డూరం.

మన కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబరు 20న ఆండ్రాయిడ్ వ్యవహారంలో 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ప్లే స్టోర్ బలంతో క్రోమ్‌ని బ్రౌజర్ల మార్కెట్టులో కాపాడుకున్నారన్నది ఆ ఉత్తర్వులో ఒక నిర్ధారణ. 2023 మార్చిలో అప్పిలేట్ ట్రిబ్యునల్ జరిమానాని ఖాయం చేసి, పది ఆదేశాల్లో నాలుగింటిని కొట్టేసింది. మీకు వృత్తిరీత్యా పనికొచ్చేది ఆ మిగిలిన ఆరు.

ప్రశ్న: నా సాహిత్య సైటులో ‘స్త్రీ’ మొదటి అక్షరం పెద్దదిగా పెడితే కొన్నిచోట్ల ‘స్’ ఒక్కటే పెద్దదవుతోంది. ‘సాఫ్ట్‌వేర్’ అని రాస్తే ఫారంలోంచి వచ్చేసరికి ‘సాఫ్ట్వేర్’ అవుతోంది. – రాజాజీనగర్

జవాబు: మొదటిది ప్రమాణంలోనే ఉన్న లోటు. ఒక అక్షరం ఎక్కడ ముగుస్తుందో, అన్ని లిపులకీ ఉమ్మడి ప్రమాణమైన యూనికోడ్ నియమాలు చెప్తాయి. పొల్లు తరవాత వచ్చే ఒత్తుని కూడా అదే అక్షరంలో కలపాలన్న నియమం తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపులకి 2023లో యూనికోడ్ 15.1తోనే వచ్చింది. అది అమలు కాని బ్రౌజర్‌లో ‘స్త్రీ’ తెగుతుంది. అందాకా మొదటి అక్షరాన్ని దానంతటదే పట్టుకునే సీఎస్‌ఎస్ ‘ఫస్ట్ లెటర్’ని నమ్మకుండా ఆ అక్షరాన్ని మీరే ఒక స్పాన్ ట్యాగులో చుట్టండి. శీర్షికలకి లెటర్ స్పేసింగ్ సున్నా ఉంచండి. ఇంగ్లిష్ టెంప్లేటులో వచ్చిన ఎడమే తెలుగు ఒత్తుల్ని విడదీస్తుంది. పేజీ పైన భాష ‘టీఈ’ అని ప్రకటించండి.

రెండోదానికి మీ ఫారం కోడ్ కారణం. ఆ రెండు రూపాలకీ తేడా జడ్‌డబ్ల్యూఎన్‌జే అనే కనిపించని అక్షరం, యూ+200సీ. ‘అనవసర అక్షరాలు’ తుడిచే ఫంక్షన్ దాన్నీ తుడిచేస్తోంది. ఆ జాబితాలోంచి దాన్ని తీసేయించండి. వెతికేటప్పుడు మాత్రం రెండు వైపులా తీసేసి పోల్చాలి, లేకపోతే పాఠకుడికి మీ వ్యాసం దొరకదు. ఫాంటు, నోటో అయినా మండలి అయినా, డబ్ల్యూఓఎఫ్‌ఎఫ్2 అనే వెబ్ ఫాంటు రూపంలో మీ సర్వర్‌లోనే పెట్టుకోండి.

తెలుగువాళ్ళకి ఇంజిన్లు వేర్వేరుగా ఉండటం ఎందుకు మంచిదో 2018 ఫిబ్రవరి చూపించింది. ‘జ్ఞా’కి ఒక కనిపించని అక్షరం కలిసిన వరస తెర మీదికి వస్తే ఐఫోన్లో, మ్యాకులో యాప్‌లు కుప్పకూలేవి. లోపం ఆపిల్ సొంత అక్షరాల యంత్రాంగంలో ఉంది, ఐఫోన్లకి ఐఓఎస్ 11.2.6 సవరణతో సరిచేశారు. అక్షరాల్ని హార్ఫ్‌బజ్ అనే వేరే యంత్రాంగంతో పేర్చే ఆండ్రాయిడ్ ఫోన్లకి ఆ వారం ఏమీ కాలేదు.

ప్రశ్న: క్రోమ్‌లో ప్రకటనలు ఆపే నా ఎక్స్‌టెన్షన్, యూబ్లాక్ ఆరిజిన్, మాయమైంది. మళ్ళీ ఎలా తెచ్చుకోవాలి? – కోరమంగళ

జవాబు: క్రోమ్‌లోకి తేలేరు. మానిఫెస్ట్ వీ2 అనే పాత పద్ధతిలో, పేజీ అడిగే ప్రతి వస్తువునీ ఎక్స్‌టెన్షనే చూసి ఆపేది. కొత్త పద్ధతి వీ3లో నియమాల జాబితా ముందే ఇచ్చి పక్కన కూర్చోవాలి, ఆపేది క్రోమ్. ఒక్కో ఎక్స్‌టెన్షన్‌కి హామీగా 30,000 స్థిర నియమాలు, ఆపైన అందరికీ కలిపి ఉమ్మడి వాటా. ఎక్స్‌టెన్షన్లు అంతా చూడగలగడం భద్రతకి ముప్పన్నది గూగుల్ వాదన, అందులో నిజం లేకపోలేదు. ప్రకటనల మీద బతికే కంపెనీ ఆ మాట చెప్పడమే ఇబ్బంది. 2024 జూన్‌లో మొదలుపెట్టి 2025లో పాత పద్ధతిని పూర్తిగా తీసేశారు.

క్రోమ్‌లోనే ఉంటామంటే యూబ్లాక్ ఆరిజిన్ లైట్ పెట్టుకోండి. మామూలు వాడకానికి చాలు, సొంత ఫిల్టర్లు రాసుకునేవాళ్ళకి చాలదు. పూర్తిది కావాలంటే ఫైర్‌ఫాక్స్, ఆండ్రాయిడ్ ఫోన్‌లో కూడా. మారేటప్పుడు క్రోమ్ పాస్‌వర్డ్ మేనేజర్ సెట్టింగుల్లో ‘ఎక్స్‌పోర్ట్’ నొక్కితే సీఎస్‌వీ ఫైలు వస్తుంది. ఫైర్‌ఫాక్స్ పాస్‌వర్డ్‌ల పేజీలోని మూడు చుక్కల మెనూ నుంచి దాన్ని ఇంపోర్ట్ చేయండి. ఆ ఫైలులో పాస్‌వర్డ్‌లన్నీ ఎవరైనా చదవగలిగేలా ఉంటాయి. పని కాగానే షిఫ్ట్ డిలీట్‌తో తీసేసి, డౌన్‌లోడ్స్ ఫోల్డర్ డ్రైవ్‌కి సింక్ అయ్యేలా పెట్టుకుని ఉంటే అక్కడి నకలూ, దాని ట్రాష్ కూడా ఖాళీ చేయండి.